మాక్స్ షూబర్ట్

మాక్స్ ఎడ్మండ్ షూబర్ట్ (ఫిబ్రవరి 9, 1915 - మార్చి 6, 1994) ఆస్ట్రేలియాకు చెందిన సుప్రసిద్ధ వైన్ తయారీ నిపుణుడు. దక్షిణ ఆస్ట్రేలియాలోని పెన్‌ఫోల్డ్స్ సంస్థలో కబుర్లు చేరవేసే కుర్రవాడిగా చేరి, 1948లో ఆ సంస్థకు ప్రధాన వైన్ నిపుణుడై, 1975 వరకు ఆ బాధ్యతలు నిర్వహించాడు. 1951లో ఇతడు ప్రయోగాత్మకంగా ఆరంభించిన గ్రాంజ్ అనే రెడ్ వైన్ ఆస్ట్రేలియా వైన్‌లలో అత్యంత ప్రఖ్యాతమైనది. పలు ప్రాంతాల ద్రాక్షను మేళవించి, దశాబ్దాల పాటు నిలువ ఉండేటట్లు తయారు చేసిన ఈ వైన్‌ను తొలినాళ్లలో రుచి చూసిన పెద్దలు తిరస్కరించారు. తయారీ ఆపివేయమని సంస్థ ఆదేశించినప్పటికీ షూబర్ట్ మూడు సంవత్సరాల పాటు రహస్యంగా దానిని కొనసాగించాడు. కాలక్రమంలో అదే వైన్ ఆస్ట్రేలియాకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిపెట్టింది.

నేపథ్యం

ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే మద్యమే వైన్. నల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే రెడ్ వైన్ తయారవుతుంది. దాని రంగు, వగరు ప్రధానంగా తొక్కల నుండే వస్తాయి. ఆస్ట్రేలియాలో ద్రాక్ష సహజంగా పెరిగే మొక్క కాదు. ఐరోపా నుండి వలస వచ్చినవారు తెచ్చిన తీగలతోనే అక్కడ ద్రాక్షతోటలు వెలిశాయి. దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌కు ఈశాన్యంగా ఉన్న బరోస్సా లోయలో 1840ల నుండి జర్మనీ ప్రాంతాలకు చెందిన లూథరన్ క్రైస్తవులు స్థిరపడి వ్యవసాయం, ద్రాక్షసాగు చేపట్టారు.

పెన్‌ఫోల్డ్స్ సంస్థను 1844లో క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ అనే ఆంగ్లేయ వైద్యుడు, ఆయన భార్య మేరీ అడిలైడ్ సమీపంలోని మగిల్‌లో స్థాపించారు. అక్కడ వారు కట్టుకున్న చిన్న రాతి ఇంటి పేరు గ్రాంజ్. ఒక శతాబ్దం తరువాత షూబర్ట్ తన వైన్‌కు ఆ ఇంటి పేరే పెట్టాడు.

ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సగంలో ఆస్ట్రేలియాలో తయారయ్యే వైన్‌లో అధికభాగం బలవర్ధకం చేసినదే. అంటే పోర్ట్, షెర్రీల వలె ద్రాక్షసారా కలిపి మత్తు పెంచినవి. భోజనంతో పాటు తాగే సాధారణ రెడ్ వైన్‌కు గిరాకీ తక్కువ. ఉన్నవాటిని కూడా తయారైన కొద్ది కాలానికే తాగేవారు. షూబర్ట్ కృషిని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం ముఖ్యం.

బాల్యం, ఉద్యోగ ప్రవేశం

షూబర్ట్ 1915 ఫిబ్రవరి 9న బరోస్సా లోయ అంచున ఉన్న మొకల్టా గ్రామంలో జర్మన్ మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. తండ్రి వృత్తిరీత్యా కమ్మరి. కుటుంబం తరువాత సమీపంలోని నూరియూట్‌పా పట్టణానికి తరలివెళ్ళింది. ఆ పట్టణంలోనే పెన్‌ఫోల్డ్స్ వారి పెద్ద వైన్ కర్మాగారం ఉండేది.

ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న 1931లో షూబర్ట్ ఆ కర్మాగారంలో కబుర్లు చేరవేసే కుర్రవాడిగా చేరాడు. గుర్రాల సంరక్షణ కూడా అతని పనులలో ఒకటి. ఆ కాలంలో వైన్ పాడైపోవడం తయారీదారులకు పెద్ద బెడద. దాని కారణాలు తెలుసుకోవడానికి సంస్థ ప్రయోగశాలను ఏర్పాటు చేసినప్పుడు షూబర్ట్ అందులో సహాయకుడయ్యాడు. అనంతరం మగిల్‌కు మారి, పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి వేళల్లో అడిలైడ్‌లోని గనుల విద్యాలయంలో రసాయనశాస్త్రం అభ్యసించాడు. విశ్వవిద్యాలయ పట్టా లేకపోయినా, తోట నుండి సీసా వరకు ప్రతి దశను స్వయంగా పనిచేసి నేర్చుకున్నాడు.

రెండవ ప్రపంచయుద్ధ సమయంలో, 1940లో స్వచ్ఛందంగా సైన్యంలో చేరాడు. మధ్య ప్రాచ్యం, గ్రీస్, క్రీట్, న్యూ గినియాలలో పనిచేశాడు. యుద్ధానంతరం తిరిగి పెన్‌ఫోల్డ్స్‌లో చేరి, 1948లో తన 33వ యేట ప్రధాన వైన్ నిపుణుడయ్యాడు.

ఐరోపా పర్యటన

1950లో సంస్థ షూబర్ట్‌ను ఐరోపాకు పంపింది. స్పెయిన్‌లో షెర్రీ, పోర్చుగల్‌లో పోర్ట్ తయారీ పద్ధతులను పరిశీలించి రావడం ఆ ప్రయాణ లక్ష్యం. అప్పటి వ్యాపార అవసరం అదే. కాని అతని జీవితాన్ని మలుపు తిప్పినది, ఆ ప్రయాణంలో భాగంగా ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో గడిపిన కొద్ది రోజులు.

బోర్డోలో క్రిస్టియన్ క్రూస్ అనే ప్రముఖ వైన్ వర్తకుడు షూబర్ట్‌కు ఆతిథ్యమిచ్చాడు. అక్కడి తయారీశాలలను చూపించడమే గాక, నలభై, యాభై సంవత్సరాల నాటి రెడ్ వైన్‌లను రుచి చూపించాడు. అన్నేళ్లు గడిచినా ఆ వైన్‌లు చెడిపోలేదు. వాటి సువాసన, రుచి చెక్కుచెదరకపోగా మరింత గాఢత సంతరించుకున్నాయి. అంతకాలం నిలిచే రెడ్ వైన్ అప్పటి ఆస్ట్రేలియాలో ఎవరి ఆలోచనలోనూ లేదు. కనీసం ఇరవై సంవత్సరాలు నిలిచి, ఏటేటా మెరుగయ్యే వైన్‌ను తన దేశంలో తయారు చేయాలనే సంకల్పంతో షూబర్ట్ తిరిగివచ్చాడు.

అయితే బోర్డో పద్ధతిని యథాతథంగా అనుకరించడం సాధ్యం కాలేదు. అక్కడి రెడ్ వైన్‌లకు ఆధారమైన కాబర్నే సావిన్యాన్ ద్రాక్ష అప్పట్లో దక్షిణ ఆస్ట్రేలియాలో చాలా తక్కువగా పండేది. షిరాజ్ రకం మాత్రం సమృద్ధిగా దొరికేది. అందువలన షూబర్ట్ తన వైన్‌కు షిరాజ్‌నే ప్రధాన ద్రాక్షగా ఎంచుకున్నాడు.

తొలి ప్రయోగం

దక్షిణార్ధగోళంలో ద్రాక్ష కోతలు సంవత్సరారంభ మాసాలలో జరుగుతాయి. సీసా మీద ముద్రించే సంవత్సరం ఆ కోతల సంవత్సరమే. 1951 కోతల కాలంలో షూబర్ట్ మగిల్ తోట నుండి, అడిలైడ్‌కు దక్షిణాన ఉన్న మార్ఫెట్ వేల్ తోట నుండి షిరాజ్ ద్రాక్షను సేకరించి మొదటి ప్రయోగం చేశాడు. దాని ప్రధానాంశాలు ఇవి:

* ద్రాక్షను తగిన తీపి, తగిన పులుపు రెండూ ఉన్న సమయంలోనే కోయించాడు. తీపి పెరిగేకొద్దీ పులుపు తగ్గుతుంది. పులుపు చాలని వైన్ ఎక్కువకాలం నిలువదు.
* పులియుచున్న రసంలో తొక్కలు పైకి తేలిపోకుండా, తొట్టెలలో చెక్క పలకలు అడ్డుగా అమర్చి వాటిని రసంలో మునిగి ఉండేటట్లు చేశాడు. అందువలన రంగు, వగరు రసంలోకి పూర్తిగా దిగుతాయి.
* పులియుటలో వేడి పుడుతుంది. వేడి మితిమీరితే వైన్ చెడుతుంది. అందుచేత రసాన్ని చల్లబరుస్తూ, పులియుటను నెమ్మదిగా పలు రోజుల పాటు సాగించాడు.
* పులియుట పూర్తికాక ముందే రసాన్ని కొత్త అమెరికన్ ఓక్ చెక్క పీపాలలోకి మార్చాడు. మిగిలిన పులియుట ఆ పీపాలలోనే జరిగింది. సుమారు 300 లీటర్లు పట్టే ఐదు కొత్త పీపాలను ఇందుకు వాడాడు.
* పోల్చి చూడటానికి అదే వైన్‌లో కొంత భాగాన్ని ఒక పెద్ద పాత పీపాలో నిలువ చేశాడు.

కొన్ని నెలలకే రెండింటి మధ్య తేడా స్పష్టమైంది. పాత పీపాలోని వైన్ మంచిదే గాని సాధారణమైనది. కొత్త పీపాలలోనిది ముదురు రంగుతో, బలమైన వగరుతో, ఘాటైన పరిమళంతో ఉన్నది. దానికే షూబర్ట్ గ్రాంజ్ హెర్మిటేజ్ అని పేరు పెట్టాడు. హెర్మిటేజ్ అనేది ఫ్రాన్స్‌లోని రోన్ లోయలో ఇదే ద్రాక్ష పండే ఒక కొండ పేరు. ఆస్ట్రేలియాలో షిరాజ్‌కు ఆ పేరు వాడుకలో ఉండేది. 1951 నాటి వైన్ వ్యాపారానికి విడుదల కాలేదు. 1952 నాటిదే మొదట మార్కెట్‌లోకి వచ్చింది.

ఈ కృషికి శాస్త్రీయమైన అండ రే బెక్‌విత్ నుండి లభించింది. 1935లో పెన్‌ఫోల్డ్స్‌లో చేరిన ఈ రసాయన శాస్త్రవేత్త, వైన్ ఆమ్లత్వాన్ని పీహెచ్ విలువ ద్వారా కొలిచి అదుపులో ఉంచితే, దానిని పాడుచేసే సూక్ష్మజీవులను అరికట్టవచ్చునని నిరూపించాడు. దశాబ్దాలు నిలిచే వైన్ అనే షూబర్ట్ ఆశయం ఆచరణసాధ్యం కావడానికి ఇది ముఖ్య కారణం.

మేళవింపు పద్ధతి

ఫ్రాన్స్‌లో గొప్ప వైన్ ఒక నిర్దిష్టమైన తోటకు, నేలకు చెంది ఉండటం సంప్రదాయం. షూబర్ట్ దీనికి భిన్నమైన మార్గం ఎంచుకున్నాడు. ఇతడి దృష్టిలో ముఖ్యమైనది తోట కాదు, వైన్ స్వభావం. ఆ స్వభావానికి తగిన ద్రాక్ష ఏ యేడు ఎక్కడ దొరికితే అక్కడి నుండి తెచ్చి, వేరు వేరుగా వైన్ చేసి, రుచి చూసి, పాళ్లు నిర్ణయించి కలిపేవాడు. మగిల్, మార్ఫెట్ వేల్‌లతో పాటు బరోస్సా, మెక్‌లారెన్ వేల్ వంటి ప్రాంతాల ద్రాక్ష కాలక్రమంలో ఇందులో చేరింది. సంస్థ 1945లో కొనుగోలు చేసిన బరోస్సాలోని కలిమ్నా తోట వీటిలో ముఖ్యమైనది.

ఈ పద్ధతికి రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, ఒక ప్రాంతంలో వర్షాభావం వలన గాని అతివృష్టి వలన గాని పంట దెబ్బతిన్నా మరొక ప్రాంతం ఆ లోటు తీరుస్తుంది. రెండవది, ఒక తోట ద్రాక్షలో లేని గుణాన్ని మరొక తోట ద్రాక్ష అందిస్తుంది. ఒకటి పరిమళాన్ని, ఒకటి నిండుదనాన్ని, ఇంకొకటి వగరును ఇస్తుంది. గ్రాంజ్‌లో ఎక్కువ సంవత్సరాలలో షిరాజ్‌తో పాటు కొద్ది పాలు కాబర్నే సావిన్యాన్ కూడా కలుస్తుంది. 1951 నాటి తొలి వైన్ మాత్రం పూర్తిగా షిరాజ్. 1953లో షూబర్ట్ కలిమ్నా తోటలోని కాబర్నే ద్రాక్షతో మాత్రమే ఒక ప్రయోగం చేశాడు. ఫలితం బాగున్నా, ఏటా చాలినంత ద్రాక్ష దొరకదని దానిని కొనసాగించలేదు.

రుచి పరీక్షలో తిరస్కారం

1956 నాటికి మగిల్‌లోని భూగర్భ నిలువగదులలో ఆరు సంవత్సరాల గ్రాంజ్ సీసాలు పేరుకుపోయాయి. దానిలో పెద్ద మొత్తం పెట్టుబడి చిక్కుకుని ఉంది. సిడ్నీలోని ప్రధాన కార్యాలయం ఈ వైన్ సంగతి తేల్చదలచి నమూనాలను పంపమని కోరింది. వైన్ వ్యాపారులను, రుచి తెలిసిన పెద్దలను ఆహ్వానించి ఒక పరీక్ష ఏర్పాటు చేసింది. షూబర్ట్ ఎంతో నమ్మకంతో తన వైన్‌లను వారి ముందుంచాడు.

ఫలితం తలక్రిందులైంది. వచ్చినవారిలో దాదాపు అందరూ ఆ వైన్‌ను నిరాకరించారు. కొందరు దీనిని తీపి లేని పోర్ట్‌తో పోల్చారు. అడవిపళ్లతో పాటు చీమలను నలిపి కలిపినట్లు ఉన్నదని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. అడిలైడ్‌లో జరిపిన పరీక్షలలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి ఎదురయింది. సమర్థించినవారు కొద్దిమందే. సంస్థ యజమానుల కుటుంబానికి చెందిన జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్, వైద్యుడూ వైన్ రచయితా అయిన మాక్స్ లేక్ వారిలో ముఖ్యులు.

ఈ తిరస్కారానికి కారణం రుచి చూసినవారి అజ్ఞానం మాత్రమే కాదు. ద్రాక్ష తొక్కలలోను ఓక్ చెక్కలోను ఉండే టానిన్‌లు నాలుకను పట్టివేసే వగరును కలిగిస్తాయి. పచ్చి అరటికాయలో, కరక్కాయలో ఉండే వగరు ఇటువంటిదే. నిలువ వైన్‌కు ఇది రక్షణ. కాని తొలి సంవత్సరాలలో ఇదే తక్కిన రుచులన్నిటినీ కప్పివేస్తుంది. అప్పటికి అందరికంటె పాత గ్రాంజ్ వయస్సు ఐదేళ్లు మాత్రమే. ఇరవై ఏళ్ల తరువాత తాగవలసిన దానిని నాటి తేలికపాటి వైన్‌లకు అలవాటుపడిన నాలుకలు అప్పుడే తీర్పు చెప్పాయి. షూబర్ట్‌కు తన పక్షాన చూపడానికి అప్పుడు ఏ రుజువూ లేదు. ఆ రుజువు కాలం మాత్రమే ఇవ్వగలదు.

రహస్యంగా తయారీ

1957 కోతలకు ముందు గ్రాంజ్ తయారీ నిలిపివేయవలసిందిగా షూబర్ట్‌కు వ్రాతపూర్వకమైన ఆదేశం అందింది. సంస్థ పేరుకు ఈ వైన్ చెరుపు చేస్తున్నదనే అభిప్రాయం, పేరుకుపోయిన నిలువలు ఈ నిర్ణయానికి దారితీశాయి.

సిడ్నీకి, మగిల్‌కు మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉంటుంది. షూబర్ట్ ఆ దూరాన్ని అవకాశంగా తీసుకున్నాడు. జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్ అండతో 1957, 1958, 1959 సంవత్సరాలలో కొద్ది పరిమాణంలో గ్రాంజ్‌ను గుట్టుగా తయారు చేసి, భూగర్భ నిలువగదులలో దాచి ఉంచాడు. కొత్త పీపాలు కొనాలంటే లెక్క చూపాలి. అందువలన మునుపటి సంవత్సరాలలో వాడిన పీపాలనే మళ్ళీ వాడవలసి వచ్చింది. ఈ మూడు సంవత్సరాల వైన్‌లలో కొత్త ఓక్ పరిమళం లోపించడానికి ఇదే కారణం. వీటిని వైన్ అభిమానులు దాచిన గ్రాంజ్‌లుగా వ్యవహరిస్తారు.

ఉద్యోగ ధర్మం దృష్ట్యా ఇది ఆజ్ఞోల్లంఘనమే. బయటపడితే పాతికేళ్లకు పైగా చేసిన ఉద్యోగం పోయే ప్రమాదం ఉండేది. కాని గ్రాంజ్ విలువ వరుస సంవత్సరాల వైన్‌లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తెలిసేది. ఆ వరుస తెగిపోతే తిరిగి అతికించడం అసాధ్యం. ఒక యేటి ద్రాక్ష మరొక యేడు దొరకదు.

పునరుద్ధరణ

ఈలోగా తొలి సంవత్సరాల సీసాలు మగ్గుతూ వచ్చాయి. వగరు మెత్తబడి, లోపలి రుచులు బయటపడసాగాయి. వాటిని తాగినవారి ద్వారా మంచి మాట వ్యాపించింది. సంస్థ పాలకవర్గం తిరిగి ఒక రుచి పరీక్ష జరిపినప్పుడు 1951, 1955 నాటి వైన్‌లు ప్రత్యేకంగా ప్రశంసలందుకున్నాయి. 1960 కోతలకు ముందు గ్రాంజ్ తయారీ అధికారికంగా పునఃప్రారంభించమని ఆదేశాలు వచ్చాయి. అప్పుడు గాని తయారీ మధ్యలో ఆగనేలేదన్న సంగతి ఉపయోగంలోకి రాలేదు. 1951 నుండి గ్రాంజ్ వరుస ఒక్క సంవత్సరం కూడా తెగలేదు.

1962లో సిడ్నీ వైన్ ప్రదర్శనలో 1955 నాటి గ్రాంజ్ బంగారు పతకం సాధించింది. తరువాతి సంవత్సరాలలో అదే వైన్ 50కి పైగా బంగారు పతకాలు గెలుచుకుంది. 1979లో పారిస్‌లో గో-మియో పత్రిక నిర్వహించిన వైన్ పోటీలలో 1971 నాటి గ్రాంజ్ తన విభాగంలో, అదే ద్రాక్షకు ప్రసిద్ధి చెందిన ఫ్రాన్స్ రోన్ లోయ వైన్‌లను మించి ప్రథమ స్థానం పొందింది.

గ్రాంజ్‌ను రుచి చూసే విధానం

వైన్ రుచి చూడటంలో నాలుగు అంశాలు పరిశీలిస్తారు: రంగు, వాసన, నోటిలో రుచి, మింగిన తరువాత నిలిచే అనుభూతి. గ్రాంజ్ విషయంలో ఈ నాలుగూ వయస్సుతో పాటు మారుతాయి.

* రంగు: పాత్రను తెల్లని కాగితం లేదా గుడ్డ ముందు కొద్దిగా వంచి చూస్తారు. కొత్త గ్రాంజ్ దాదాపు నల్లగా, అంచున ఊదా ఛాయతో ఉంటుంది. వయస్సు పెరిగేకొద్దీ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది.
* వాసన: పాత్రను మెల్లగా తిప్పి వాసన చూస్తారు. మొదట్లో నల్లని పళ్ల వాసన, అమెరికన్ ఓక్ నుండి వచ్చే వెనిలా, కొబ్బరిని పోలిన వాసన ప్రధానంగా ఉంటాయి. ఏళ్లు గడిచిన తరువాత అవి విడివిడిగా తెలియక, తోలు, పుట్టగొడుగులు, సుగంధద్రవ్యాలను తలపించే ఒకే పరిమళంగా కలిసిపోతాయి.
* రుచి: కొద్దిగా పుక్కిలించి తీపి, పులుపు, వగరుల పొందికను గమనిస్తారు. మేళవించిన వైన్‌లో ఏ ఒక్క ద్రాక్షా, ఏ ఒక్క ప్రాంతమూ పైకి పొడుచుకురాకుండా ఉండటం మంచి మేళవింపునకు గుర్తు.
* నిలకడ: మింగిన తరువాత రుచి ఎంతసేపు నిలిచితే అంత మేలైనదిగా భావిస్తారు.

కాలం గడిచేకొద్దీ టానిన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, కొంత భాగం మడ్డిగా అడుగుకు చేరుతుంది. వగరు మెత్తబడటానికి ఇది ఒక కారణం. అందువలన పాత సీసాను కొన్ని గంటల ముందు నిలువుగా నిలబెట్టి, మడ్డి కదలకుండా పైతేటను మాత్రమే వేరొక పాత్రలోకి వంచుతారు. అనేక సంవత్సరాలు నిలువ ఉన్న సీసాల బిరడాలు పాడయ్యే అవకాశం ఉన్నందున, 1991 నుండి పెన్‌ఫోల్డ్స్ పాత సీసాలను పరీక్షించి బిరడాలు మార్చే కార్యక్రమాన్ని నిర్వహిస్తూ వచ్చింది.

ఇతర వైన్‌లు

గ్రాంజ్‌తో పాటు షూబర్ట్ హయాంలో పెన్‌ఫోల్డ్స్ వారి పలు రెడ్ వైన్‌లు రూపుదిద్దుకున్నాయి. వీటికి నిలువగదిలోని అరల సంఖ్యలే పేర్లయ్యాయి.

* బిన్ 28: కలిమ్నా పేరుతో 1959లో ఆరంభమైన షిరాజ్ వైన్.
* బిన్ 389: 1960లో ఆరంభమైనది. కాబర్నే, షిరాజ్‌ల మేళవింపు. అంతకు ముందు గ్రాంజ్‌కు వాడిన పీపాలను దీనికి వాడటం వలన దీనిని చిన్న గ్రాంజ్ అని పిలుస్తారు. కాబర్నే, షిరాజ్‌లను కలపడం ఆస్ట్రేలియాకు ప్రత్యేకమైన సంప్రదాయంగా స్థిరపడటంలో దీని పాత్ర గణనీయమైనది.
* బిన్ 60ఎ: 1962లో కూనవారా ప్రాంతపు కాబర్నేను కలిమ్నా షిరాజ్‌తో కలిపి తయారు చేసినది. ఆస్ట్రేలియాలో తయారైన అత్యుత్తమ మేళవింపులలో ఒకటిగా దీనిని పరిగణిస్తారు.
* బిన్ 707: 1964లో ఆరంభమైన కాబర్నే సావిన్యాన్ వైన్.

జీవితమంతా మేళవింపునకే ప్రాధాన్యమిచ్చిన షూబర్ట్, పదవీ విరమణ అనంతరం ఒకే తోట ద్రాక్షతో మగిల్ ఎస్టేట్ వైన్ రూపకల్పనలో పాలుపంచుకోవడం విశేషం. దాని మొదటి పంట 1983 నాటిది. అడిలైడ్ నగరం విస్తరించి, మగిల్ తోటలో అధికభాగం ఇళ్లస్థలాలుగా మారిపోయిన కాలంలో మిగిలిన కొద్దిపాటి తోటకు ఈ వైన్ ఒక గుర్తింపునిచ్చింది.

పదవీ విరమణ, పురస్కారాలు

షూబర్ట్ 1975లో ప్రధాన వైన్ నిపుణుని పదవి నుండి విరమించాడు. ఆ తరువాత డాన్ డిటర్, జాన్ డువాల్, పీటర్ గాగో వరుసగా ఆ బాధ్యతలు స్వీకరించారు. విరమణ తరువాత కూడా షూబర్ట్ మగిల్‌కు వచ్చి సలహాలిస్తూ ఉండేవాడు. 1979లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో జరిగిన వైన్ సదస్సులో గ్రాంజ్ పుట్టుపూర్వోత్తరాలను వివరంగా వెల్లడించాడు. రహస్య తయారీతో సహా నేడు తెలిసిన వివరాలలో చాలా వరకు ఆ ప్రసంగం నుండి వచ్చినవే.

* 1984: ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా సభ్యత్వం.
* 1988: బ్రిటన్‌కు చెందిన డికాంటర్ పత్రిక వారి ఆ సంవత్సరపు వైన్ ప్రముఖుడు పురస్కారం.
* 1990: ఆస్ట్రేలియా వైన్ రంగానికి విశిష్ట సేవ చేసినవారికి ఇచ్చే మారిస్ ఓషీ పురస్కారం. దీనిని పొందిన మొదటి వ్యక్తి షూబర్ట్.

మరణం, అనంతర విశేషాలు

షూబర్ట్ 1994 మార్చి 6న తన 79వ యేట అడిలైడ్‌లో మరణించాడు. అదే సంవత్సరం హ్యూన్ హుక్ రచించిన ఇతని జీవితచరిత్ర వెలువడింది.

ఐరోపా దేశాలతో కుదిరిన ఒప్పందం మేరకు ఫ్రెంచి ప్రాంతాల పేర్లు వదలుకోవలసి రావడంతో, 1990 పంట నుండి సీసాల మీద హెర్మిటేజ్ అనే మాట తొలగించి గ్రాంజ్ అని మాత్రమే ముద్రించారు. ఆ 1990 నాటి వైన్‌ను అమెరికాకు చెందిన వైన్ స్పెక్టేటర్ పత్రిక 1995లో ఆ సంవత్సరపు ఉత్తమ వైన్‌గా ఎంపిక చేసింది. 1999లో అదే పత్రిక ఇరవయ్యవ శతాబ్దపు పన్నెండు మేటి వైన్‌లలో 1955 నాటి గ్రాంజ్‌ను చేర్చింది. 2001లో దక్షిణ ఆస్ట్రేలియా నేషనల్ ట్రస్ట్ గ్రాంజ్‌ను రాష్ట్ర వారసత్వ చిహ్నంగా ప్రకటించింది. అమ్మకానికి నోచుకోని 1951 నాటి వైన్ నేడు అత్యంత అరుదైనది. 2020లో జరిగిన వేలంలో దాని సీసా ఒక్కటి లక్ష ఆస్ట్రేలియా డాలర్లకు మించి పలికింది.

దాచిన గ్రాంజ్‌లలో ఒకటి 2014లో రాజకీయ వార్తలకెక్కింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రధాని బ్యారీ ఓఫారెల్ తనకు బహుమతిగా వచ్చిన 1959 నాటి గ్రాంజ్ సీసా విషయం అవినీతి నిరోధక సంఘం ఎదుట కాదన్నాడు. ఆ తరువాత అతను స్వయంగా వ్రాసిన కృతజ్ఞతా లేఖ బయటపడటంతో పదవికి రాజీనామా చేశాడు. ఉద్దేశపూర్వకంగా తప్పుదారి పట్టించలేదని సంఘం అభిప్రాయపడింది.

ఒకప్పుడు తయారు చేయవద్దని ఆదేశించిన 1957, 1958, 1959 నాటి వైన్‌లు వాటి అరుదైన చరిత్ర కారణంగా సేకరణకర్తలకు ఎంతో విలువైనవి. షూబర్ట్ గడించిన పేరుకు మూలం ఒక వైన్‌ను తయారు చేయడం మాత్రమే కాదు. దానిని రుచి చూడటానికి తగిన కాలం వచ్చేంతవరకు దాని వరుస తెగకుండా కాపాడటం కూడా.